కెన్యా నుంచి వచ్చి 5 వారాలైంది, ఇంట్లోనే ఉన్నా ఇంకా ఇల్లు చేరనట్టు ఉంది

ఎర్రమట్టి_పిల్ల
మాది మర్రిగూడ వైపు ఒక పల్లె. ఈ 2024 జనవరిలో కెన్యా వెళ్లి సెప్టెంబర్ రెండో వారంలో తిరిగొచ్చాను. ఎనిమిది నెలలు నకూరు దగ్గర ఒక చర్చి వాళ్ల నీళ్ల ఫిల్టర్ల పనిలో వాలంటీరుగా ఉన్నాను, ఆదివారాలు సండే స్కూలు. జీతం లేదు. తిండి, గది, బస్సు ఖర్చులు వాళ్లు చూసుకున్నారు.

ఎయిర్‌పోర్టుకు అమ్మ, నాన్న, బాబాయి వాళ్లు బండి మాట్లాడుకుని వచ్చారు. మొదటి వారం బాగానే గడిచింది. తర్వాత మొదలైంది. ఎవరు కలిసినా మూడే ప్రశ్నలు: సింహాలను చూశావా, ఎంత ఇచ్చారు, అటు నుంచి అటే అమెరికా పోవచ్చా. నేను జవాబు మొదలుపెట్టేలోపే మాట పెళ్లి సంబంధాల మీదికి పోతుంది. చర్చిలో శాలువా కప్పి ఐదు నిమిషాలు సాక్ష్యం చెప్పమన్నారు. ఎనిమిది నెలలు ఐదు నిమిషాల్లో ఎట్లా చెప్పాలి? ఏదో చెప్పి దిగిపోయాను.

మొన్న చెల్లెలు నల్లా విప్పి వదిలేసి ఫోన్ చూస్తూ పళ్లు తోముకుంటోంది. అరిచేశాను. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను. "ఆ దేశం పోయొచ్చినప్పటి నుంచి నీకు ఇంట్లో ఏదీ నచ్చుతలేదు" అన్నది అమ్మ. అది నిజం కాదు, కానీ నిజం ఏమిటో చెప్పడం నాకు రావట్లేదు.

ఇంకోటి కూడా ఉంది. వచ్చే నెల కూటాల్లో స్లయిడ్లు వేయమని సంఘ పెద్దలు అడిగారు. "అక్కడి పేద పిల్లల ఫొటోలు పెట్టమ్మా, అందరి మనసులు కరుగుతాయి" అన్నారు. నా ఫోన్‌లో ఉన్నవాళ్లు నా స్నేహితులు, నేను అన్నం తిన్న ఇంటివాళ్లు. పేద పిల్లలని పేరు పెట్టి వాళ్లను తెర మీద చూపించలేనని చెప్పాను. పెద్దలకు కోపం వచ్చింది, నాన్నకు తలవంపులుగా ఉంది.

ఇట్లా వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎన్నాళ్లకు మామూలయ్యారు? ఏం చేశారు?

బత్తాయి_తోట
ఐదు వారాలంటే ఇంకా మొదట్లోనే ఉన్నారు. మా అక్క ఫిలిప్పీన్స్‌లో ఆరు నెలలు చర్చి స్కూల్లో పనిచేసి వచ్చింది, మూడు నెలల వరకు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మేమంతా అక్కడ ఎవరినో ఇష్టపడిందేమో అనుకున్నాం. అదేం లేదు, అక్కడ తెల్లారితే చేయాల్సిన పని ఉండేది, ఇక్కడ లేదు, అంతే.

గడియారం_చౌరస్తా
బాధపెట్టాలని కాదు కానీ అడగాల్సిన మాట అడుగుతున్నా. మర్రిగూడ అంటే నీళ్లలో ఫ్లోరైడ్‌కు దేశమంతా తెలిసిన ఊరు. నడుము వంగి మంచం పట్టినవాళ్లు నీ ఇంటి చుట్టే ఉన్నారు. ఆ విమానం ఖర్చుతో ఇక్కడే ఏదైనా చేయొచ్చు కదా? నీళ్ల ఫిల్టర్ల సేవకు కెన్యా దాకా పోవాలా?

జడ్చర్ల_సిస్టర్
ముందు ఒంటి సంగతి చెప్పు చెల్లె. వచ్చాక జ్వరం, చలి, విరేచనాలు ఏమైనా ఉన్నాయా? బరువు తగ్గావా? ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లకు కొన్ని వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత కూడా మలేరియా బయటపడుతుంది. జ్వరమొస్తే రెండు రోజులు చూద్దామని గోలీలు మింగుతూ కూర్చోవద్దు. అదే రోజు రక్తపరీక్షకు పోయి, కెన్యా నుంచి వచ్చానని నోరు తెరిచి చెప్పాలి. నువ్వు చెప్పకపోతే డాక్టరు వైరల్ ఫీవర్ అనుకోవచ్చు. మా వార్డులో ఒకసారి నైజీరియా నుంచి వచ్చిన మనిషి ఆ సంగతి నాలుగో రోజు చెప్పాడు, అప్పటికే ప్రాణం మీదికి వచ్చింది.

ఎల్లో ఫీవర్ కార్డు కూడా పారేయకు. ఆ టీకా జీవితాంతం పనిచేస్తుంది, మళ్లీ పోతే అదే కార్డు చాలు.

ఎర్రమట్టి_పిల్ల
జడ్చర్ల_సిస్టర్ అక్కా, జ్వరం లేదు. నాలుగు కిలోలు తగ్గాను, మళ్లీ ఎక్కుతున్నాను. కార్డు బీరువాలో ఉంది. వెళ్లే ముందు నారాయణగూడలో వేయించుకున్న టీకా, ముంబైలో దిగినప్పుడు అడిగి చూశారు.

గడియారం_చౌరస్తా అన్నా, ఆ ప్రశ్న నేనూ వేసుకున్నాను. నకూరు చుట్టుపక్కల బోర్లలో కూడా ఫ్లోరైడే. మనకు గ్రానైట్ రాయి నుంచి వస్తే వాళ్లకు అగ్నిపర్వతాల రాయి నుంచి వస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదంటారు, అక్కడ దానికి ఎన్నో రెట్లున్న బోర్లు చూశాను. మొదటి రోజు సండే స్కూల్లో పిల్లలు నవ్వితే నాకు మాట రాలేదు. అవే గార పట్టిన పళ్లు, మా క్లాసులో సగం మందికి ఉన్న పళ్లు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం కూడా అచ్చం మాలాగే.

ట్రైనింగ్ రోజు అక్కడి సార్ ఫ్లోరైడ్ తీసే పద్ధతులు చెప్తూ బోర్డు మీద "నల్గొండ టెక్నిక్" అని రాశాడు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తిప్పి, తేర్చే పద్ధతి. 1970లలో నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు మన జిల్లా పేరుతో తెచ్చింది, కెన్యా, టాంజానియా, ఇథియోపియాలో కూడా పెట్టి చూశారట. మాది నల్గొండే అని చెప్తే గదిలో ఎవరూ నమ్మలేదు. మ్యాప్ తీసి చూపించాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి నాకు అక్కడ పేరు లేదు, "నల్గొండ" అనే పిలిచేవాళ్లు.

గడియారం_చౌరస్తా
ఇది నాకు తెలియదు. అడిగినందుకు ఏమనుకోకు. కానీ నా మాట మీద నేనున్నా, ముందు ఇక్కడ, తర్వాత అక్కడ.

నల్లమల_నడక
అన్నా, 1889లో రష్యా నుంచి వచ్చి నల్గొండలో పనిచేసిన అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ దంపతులకు కూడా వాళ్ల ఊళ్లో ఎవరో ఇదే మాట చెప్పి ఉంటారు. వాళ్లు ఆగిపోయి ఉంటే? తర్వాత వచ్చిన మెనోనైట్ బ్రదరెన్ మిషన్ వాళ్లు దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అన్నీ తిరిగారు. జడ్చర్ల ఆసుపత్రి వాళ్లు పెట్టిందే. మా అమ్మ నన్ను కన్నది అక్కడే.

గడియారం_చౌరస్తా
కాదనను. నేను పుట్టిందీ అక్కడే.

పాలమూరోడు
సేవ సంగతి నాకు తెలియదు, తిరిగి రావడం సంగతి తెలుసు. మా నాయన బొంబాయి బిల్డింగ్ పనులకు పోయేవాడు, ఎనిమిది నెలలు అక్కడ, నాలుగు నెలలు ఇక్కడ. వచ్చిన మొదటి పది రోజులు ఇంట్లో పడుకునేవాడు కాదు, అరుగు మీద పడుకునేవాడు. లోపల ఊపిరాడట్లేదనేవాడు. అమ్మ ఏమీ అనేది కాదు, దుప్పటి తెచ్చి అరుగు మీద వేసేది. పదకొండో రోజో పన్నెండో రోజో ఆయనే లోపలికి వచ్చేవాడు. మా వాడకట్టులో బొంబాయి పోయొచ్చిన ప్రతి ఇంట్లో ఇంతే. దీనికి పేరేమిటో తెలియదు గానీ పాలమూరుకు ఇది కొత్త కాదు చెల్లె.

ఎర్రమట్టి_పిల్ల
అన్నా, ఇది చదివి మా అమ్మకు కూడా వినిపించాను.

దేవరకొండ_పాస్టరమ్మ
ఫొటోల గురించి ఒక మాట బిడ్డా. పెద్దల తప్పేమీ లేదు. ఫొటో చూడకుండా కానుక వేసేవాళ్లు తక్కువ, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. వాళ్లు దోచుకోవడానికి అడగలేదు, ఆ పిల్లలకే ఏదైనా పంపుదామని అడిగి ఉంటారు. నువ్వు మొహం మీద కాదంటే నాన్నకు కష్టంగానే ఉంటుంది. సంఘం నీకోసం ఎనిమిది నెలలు ప్రార్థన చేసింది, వాళ్లకూ కొంచెం చూపించాలి కదా?

రూం_నంబర్_7
పాస్టరమ్మ గారి మీద గౌరవంతోనే చెప్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

నేను రెండో తరగతి నుంచి పది దాకా చర్చి హాస్టల్లో చదివాను. ఏ ఊరో చెప్పను. నాన్న లేడు, అమ్మ కూలికి పోయేది. ఆ హాస్టల్ లేకపోతే నేను ఈ రోజు ఉద్యోగంలో ఉండేవాణ్ని కాదు, ఆ మాట ఎక్కడైనా చెప్తాను. ప్రతి పిల్లవాడికీ బయటి దేశంలో ఒక దాత. ఏడాదికోసారి ఫొటో తీసేవాళ్లు. పలక మీద నంబరు రాసి ఛాతీ ముందు పట్టుకోవాలి. ఒక ఏడు పండక్కి మామ కొత్త చొక్కా కుట్టించాడు, అది వేసుకుని వరుసలో నిలబడ్డాను. ఫొటో తీసే సార్ చూసి, ఇది తీసేసి పాతది వేసుకుని రా అన్నాడు. చెడ్డవాడు కాదు ఆయన, మాకు లెక్కలు చెప్పేవాడు. కొత్త చొక్కాలో ఫొటో పోతే డబ్బు ఆగిపోతుందేమోనని ఆయన భయం. పోయి పాతది వేసుకున్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు నలభై దాటాయి, ఆ కొత్త చొక్కా గళ్లు నీలం రంగువి, ఈ రోజుకీ కళ్ల ముందున్నాయి.

మా దాత మంచి ఆమె. క్రిస్మస్‌కు ఉత్తరం రాసేది, వాళ్ల కుక్క పేరు కూడా రాసేది. నా గురించి ఆమెకు తెలిసింది మాత్రం నా పాత చొక్కానే. నేను కబడ్డీ బాగా ఆడతానని, మా అమ్మ పాటలు కడుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, నాకు రాయడం రాలేదు.

అందుకే చెల్లె, నువ్వు వేయనన్న మాట చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నాను. మా వైపు నుంచి ఆ మాట అన్నవాళ్లు ఇంతవరకు నాకు తగల్లేదు. పెద్దల దగ్గర పట్టుదలగా ఉండు, కానీ మాట మెత్తగా చెప్పు.

బత్తాయి_తోట
నీలం గళ్ల చొక్కా. అన్నా...

నల్లమల_నడక
పాత మిషన్ ఫొటోలు చూడండి, దొరగారి పేరు, దొరసాని పేరు కింద రాసి ఉంటాయి. పక్కన నిలబడ్డ మనవాళ్లకు చాలాసార్లు పేరే ఉండదు. వాళ్లలో ఎవరి తాత ఎవరో ఇప్పుడు చెప్పేవాళ్లు కూడా లేరు.

దేవరకొండ_పాస్టరమ్మ
రూం_నంబర్_7 బాబూ, రెండుసార్లు చదివాను. మా చర్చిలో కూడా హాస్టల్ ఉండేది. నేనే వరుసలో నిలబెట్టిన పిల్లలున్నారు. ఇంకేం రాయాలో తెలియట్లేదు.

ఎర్రమట్టి బిడ్డా, పెద్దలతో పోట్లాట వద్దు. స్లయిడ్లకు బదులు స్త్రీల సమాజం కూడికలో గంటసేపు మాట్లాడతానని అడుగు. ఆడవాళ్లు కూర్చుని వింటారు. నువ్వు అక్కడ ఏం తిన్నావో అది వండి పెట్టు, తింటూ ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

ఇంకో మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. నీ ఎనిమిది నెలలు ఎవరూ అడగట్లేదని బాధపడుతున్నావు. మీ అమ్మకు ఆ ఎనిమిది నెలలు ఎట్లా గడిచాయో నువ్వు అడిగావా?

ఎర్రమట్టి_పిల్ల
అడగలేదు.

కృష్ణ_ఒడ్డు
వండి పెట్టు అంటున్నారు, అసలు అక్కడ ఏం తింటారు?

ఎర్రమట్టి_పిల్ల
ఉగాలి. మక్క పిండి మరిగే నీళ్లలో పోసి గట్టిగా తిప్పుతారు. మన మక్క గటక ఇంకొంచెం గట్టిపడితే అదే. పక్కన సుకుమా వికీ అని ఒక ఆకుకూర, ఉల్లిగడ్డ టమాట వేసి వేపుతారు. చాయ్‌ని చాయ్ అనే అంటారు, చపాతీని చపాతీ అనే అంటారు. దుకాణం అంటే దుకా, పైసలంటే పెసా. మొదటి వారం బజారుకు పోయి ఈ నాలుగు మాటలతో సరుకులన్నీ తెచ్చేశాను.

కృష్ణ_ఒడ్డు
గటక కోసం కెన్యా దాకా పోయినవా చెల్లె! మా అమ్మమ్మ ఉంటే ఇక్కడే పెట్టేది.

గడియారం_చౌరస్తా
ఆ ఫిల్టర్ ఎట్లా పనిచేస్తుంది? మా తమ్ముడి పొలం దగ్గర ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతారు, భగీరథ నల్లా ఇంటికి వచ్చింది గానీ పొలానికి రాదు కదా.

ఎర్రమట్టి_పిల్ల
పశువుల ఎముకలను గాలి ఎక్కువ తగలకుండా బట్టీలో కాల్చి, నలగ్గొట్టి, జల్లించి బకెట్లో నింపుతారు. నీళ్లు అందులోంచి దిగితే ఫ్లోరైడ్ ఆ ఎముక బొగ్గుకు పట్టుకుంటుంది. మన ఎముకల్లోకి ఎందుకు ఎక్కుతుందో దానికీ అందుకే ఎక్కుతుంది. కొన్ని నెలలకు దాని శక్తి అయిపోతుంది, అప్పుడు మార్చాలి. మార్చకపోతే నీళ్లు చూడ్డానికి అట్లాగే ఉంటాయి, రుచి అట్లాగే ఉంటుంది, ఫ్లోరైడ్ మాత్రం ఆగకుండా నీళ్లతోనే వచ్చేస్తూ ఉంటుంది. అందుకే ఇల్లిల్లూ తిరిగి శాంపిల్ తెచ్చి పరీక్ష చేయించడం, ఎవరి బకెట్ ఎప్పుడు పెట్టారో రిజిస్టర్లో రాయడం నా పని. గొప్ప పనేమీ కాదు, రోజుకు పది పన్నెండు ఇళ్లు.

గడియారం_చౌరస్తా
ఎముకల నీళ్లంటే మన దగ్గర ఎవరూ ముట్టరు.

ఎర్రమట్టి_పిల్ల
తెలుసు, ఇక్కడ పెట్టమనడం లేదు. కానీ మన పద్ధతికీ ఇదే కష్టం వచ్చింది కదా, పటిక ఎంత వేయాలో రోజూ చూసేవాళ్లు లేకపోతే ఏ పద్ధతీ నిలబడదు. పొలం దగ్గరికి ఇంటి నల్లా నీళ్లు క్యాన్‌లో పట్టుకుపొమ్మని చెప్పండి అన్నా, ముఖ్యంగా ఎనిమిదేళ్ల లోపు పిల్లలు వెంట పోతే.

జడ్చర్ల_సిస్టర్
అది కరెక్ట్. పళ్లు లోపల తయారయ్యే వయసులోనే గార పడుతుంది. ఎముకలకు పట్టింది మాత్రం తర్వాత వెనక్కి రాదు, ఏ మందుతోనూ. మోకాళ్లు వంకర పోయినవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ చేతులు ఆడవు.

పిల్లలమర్రి_నీడ
నేను గవర్నమెంట్ స్కూల్ టీచర్ని. నువ్వు బీఈడీ చేశావా? చేసి ఉంటే ఈ ఏడాది డీఎస్సీ మిస్సయినట్టే కదా.

ఎర్రమట్టి_పిల్ల
చేశాను, టెట్ కూడా పాసయ్యాను. జులై, ఆగస్టుల్లో 11,062 పోస్టులకు పరీక్షలు జరుగుతుంటే నేను అక్కడ బకెట్లు లెక్కపెడుతున్నాను. నాతో చదివిన ఇద్దరికి ఈ నెల 9న నియామక పత్రాలు ఇచ్చారు. వాళ్ల స్టేటస్‌లు చూసి సంతోషపడ్డాను, రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు చేశానా అని అడిగితే కాదనే అంటాను, కానీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

పిల్లలమర్రి_నీడ
ఆ మాట ఒప్పుకోవడం మంచిదే. రెండూ నిజమే, వెళ్లడం తప్పు కాదు, పోగొట్టుకున్నది చిన్నది కాదు. ఇంకో నోటిఫికేషన్ వచ్చేదాకా పుస్తకం తీసి రోజుకు రెండు గంటలైనా కూర్చో, మనసు ఎక్కడో ఒక చోట ఆగుతుంది. మా స్కూల్లో ఎనిమిదో తరగతికి ఒక రోజు వచ్చి మాట్లాడతావా? పిల్లలు సింహాల గురించే అడుగుతారు, ముందే చెప్తున్నా.

ఎర్రమట్టి_పిల్ల
వస్తాను టీచర్. నకూరులో సింహాలున్న పార్కు ఊరి పక్కనే. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా లోపలికి పోలేదు.

బత్తాయి_తోట
పిల్లలకు మాత్రం ఈ సంగతి చెప్పకండి, పరువు పోతుంది.

ఎర్రమట్టి_పిల్ల
పది రోజులైంది రాసి. జరిగింది చెప్తాను.

పాస్టరమ్మ గారి మాట పట్టుకుని ఆ రాత్రే అమ్మను అడిగాను. ఏప్రిల్ 29న మాయి మహియులో వరద వచ్చి జనం పోయారని టీవీలో చూసిందట. అది మా నకూరు కౌంటీలోనే. ఆ రోజు నాకు సిగ్నల్ లేదు. నేను మర్నాడు సాయంత్రం ఫోన్ చేసి "ఇక్కడికి చాలా దూరం" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. జూన్ 25న నైరోబీలో జనం పార్లమెంటులోకి దూసుకెళ్లినప్పుడు నాన్న ముంబై విమానం టికెట్లు ఎంతో కనుక్కున్నాడట, అప్పు కూడా మాట్లాడుకున్నాడట. నాకు ఒక్క మాట చెప్పలేదు. అమ్మ రోజూ రెండు గడియారాలు చూసేదట, మన టైంలోంచి రెండున్నర గంటలు తీసేసి నేను తిన్నానో లేదో అనుకునేదట. ఇద్దరం పన్నెండింటి దాకా మాట్లాడుకున్నాం. చెల్లెలు నిద్ర నటిస్తూ అంతా విన్నది, పొద్దున చెప్పింది.

స్త్రీల సమాజంలో మాట్లాడాను. పెద్దలు ఒప్పుకున్నారు, కొంచెం ముభావంగానే. ఫొటోల కోసం ముందుగా అక్కడివాళ్లను వాట్సాప్‌లో అడిగాను. ఇద్దరు సరే అన్నారు, ఒకామె ఇల్లు సున్నం వేయించాక కొత్త ఫొటో తీసి పంపుతానన్నది, అది వచ్చేదాకా చూపించలేదు. చూపించినవాళ్లకు పేరు చెప్పాను, ఏం పని చేస్తారో చెప్పాను. ఉగాలి వండాను. మా నానమ్మ నోట్లో పెట్టుకోగానే "గటక తిప్పుడు సరిగ్గా రాలేదు నీకు" అన్నది.

మా నానమ్మ నడుము పదిహేనేళ్ల కిందటే వంగిపోయింది, మోకాళ్లు వంకర. నేను ఉన్న ఇంటి పెద్దావిడ ఫొటో చూపించాను, అక్కడ నానమ్మను షోషో అంటారు. నానమ్మ ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి "ఈమెకు కూడా కాళ్లు ఇట్లనే ఉన్నయా?" అని అడిగింది. ఐదు వారాల్లో నన్ను ఎవరూ ఇట్లాంటి ప్రశ్న అడగలేదు. ఉన్నాయని చెప్పాను. అప్పుడు మొదలుపెట్టి చీకటి పడేదాకా చెప్పాను, నానమ్మ మధ్యలో ఒక్కసారి కూడా మాట మార్చలేదు. చివరికి "ఆమె ఫొటో నేను చూసిన, నా ఫొటో ఆమె చూడొద్దా? తియ్యి" అన్నది. కొత్త చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. రూం_నంబర్_7 అన్నా, అప్పుడు మీరే గుర్తొచ్చారు.

రూం_నంబర్_7
పంపినవా? జవాబు వస్తే ఇక్కడ రాయి చెల్లె.

దేవరకొండ_పాస్టరమ్మ
ఏ రంగు చీర బిడ్డా?

ఎర్రమట్టి_పిల్ల
ఎర్ర అంచు ఆకుపచ్చ చీర పాస్టరమ్మా. క్రిస్మస్‌కని దాచుకున్నది.

నిన్న రాత్రి జవాబు వచ్చింది, వాయిస్ మెసేజ్. అక్కడ ఎవరికైనా దెబ్బ తగిలినా, కష్టం వచ్చినా "పోలే" అంటారు, అయ్యో నీకెంత కష్టం వచ్చింది అన్నట్టు. మొదట్లో నాకు ఎవరో ఎక్కడికో పోలేదని చెప్తున్నట్టు వినిపించేది. షోషో మాటల్లో చాలావరకు వాళ్ల కికుయు భాష, నాకే సగం అర్థం కాలేదు. మధ్యలో మాత్రం "పోలే, పోలే సానా" అని రెండుసార్లు అన్నది. నానమ్మకు అర్థం చెప్పబోతే వద్దని చెయ్యి ఊపి, మళ్లీ పెట్టమన్నది. ఇప్పటికి నాలుగుసార్లు విన్నది.